ఎనిమిది దాకా

పొద్దున్నే లేవగానే ఆవిడ చేసే మొదటి పని, మంచం పక్కన గోడ వారగా రాలిన సున్నప్పొడిని ఊడ్చి ఎత్తిపోయడం. ఏడాదిన్నర పాటు ఒక్క రోజు కూడా తప్పలేదు ఆ పని. మొహం కడుక్కోకముందే, పొయ్యి మీద టీ నీళ్లు పడెయ్యకముందే, అత్తగారి కంట పడకముందే అయిపోవాలి. ఇప్పుడు ఆ గోడ వార శుభ్రంగా ఉంటోంది. అయినా అలవాటు ఊరికే పోతుందా? చీపురు పట్టుకుని వంగుతుంది, ఊడవడానికేమీ కనపడక కాసేపు అలాగే ఉండి, మళ్లీ మూలన పెట్టేస్తుంది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆవిడ, అత్తగారు, మరిది. వీధి వైపు గది మరిది నడిపే ఇస్త్రీ షాపు. దాని వెనక అతని పడకగది, ఆ వెనక అత్తాకోడళ్లు పడుకునే గది, చివర వంటిల్లు. రెండు పడకగదులకీ మధ్య ఒకటే గోడ. ఇటు తుమ్మితే అటు వినపడేంత పలచనిది.

మరిదికి ముప్పై ఎనిమిదేళ్లు. పొట్టి మెడ, మంచి ఒళ్లు, మెత్తటి మనిషి. వీధిలో అందరూ మడతాయన అంటారు. చొక్కా మడత పెట్టాడంటే కాలరు లేచి నిలబడాల్సిందే, నాలుగు రోజులు పెట్టెలో పడేసినా మడత చెదరదు. పెళ్లి మాత్రం చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "నా గురకకి కన్నతల్లే వేరే గదిలోకి పారిపోయింది, పైవాళ్ల పిల్ల ఏం పాపం చేసిందని?" అనేవాడు. ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అతను బడికి పోయే పిల్లాడు. అందరూ వెళ్లాక, లెక్కలు రావడం లేదని వంటింట్లో ఆవిడ పక్కన కూచుని ఏడ్చేవాడు. ఆవిడకీ లెక్కలు రావు. ఇద్దరూ కలిసి వేళ్ల మీద ఎంచేవారు.

ఆవిడ భర్త పాల బూత్ నడిపేవాడు. తెల్లవారుజామున నాలుగింటికి పాల ట్రేలు గుమ్మం ముందు దిగేవి, ఆ చప్పుడుకి లేచి వెళ్లేవాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గురక. గురక ఉన్నంతసేపూ ఆవిడకి బెంగ లేదు. అది ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడే మెలకువ వచ్చేసేది. మోచేత్తో ఒక్క పోటు పొడిస్తే, ఆయన గుక్క తిప్పుకుని, అటు తిరిగి, మళ్లీ అందుకునేవాడు. కాపురం చేసిన ఇరవై ఆరేళ్లూ ఆవిడ నిద్ర అంతే. సగం కన్ను, ఒక మోచెయ్యి.

ఒకసారి అత్తగారికి జ్వరం పట్టుకుంది. రెండు రాత్రులు ఆవిడ వంటింటి పక్క అరలో అత్తగారి దగ్గరే చాప వేసుకుని పడుకుంది. రెండో రోజు తెల్లవారాక తలుపు తీస్తే గుమ్మంలో పాల ట్రేలు దించినవి దించినట్టే ఉన్నాయి. ఈ మనిషికి ఇవాళ బద్ధకం ఎక్కింది కాబోలు అనుకుంటూ లేపడానికి వెళ్లింది. ఆయన ఇక లేవలేదు. ఆ తర్వాతి సంగతి ఎవరితోనూ మాట్లాడలేదు ఆవిడ. పలకరించడానికి వచ్చినవాళ్లకి టీలు ఇచ్చింది, గ్లాసులు కడిగింది. మోచేతి సంగతి మాత్రం నోరు దాటి రాలేదు.

తర్వాత అత్తగారు తన మంచం ఈవిడ గదిలోకి మార్పించుకుంది. ముసలావిడకి చెవులు సగమే పనిచేస్తాయి. ఈవిడ చెవులు మాత్రం గోడ అవతలికి పోయాయి. అక్కడ ఆవిడ చిన్నబ్బాయి అని పిలిచే మరిది గురక. అదే గురక, అలాగే ఆగడం. మరిది గదిలోకి వెళ్లి తట్టి లేపడం కుదరదు కదా. వంటింట్లోంచి చెక్క తెడ్డు తెచ్చి దిండు పక్కన పెట్టుకుంది. గురక ఆగగానే మనసులో ఒకటి, రెండు, మూడు అని ఎంచేది. ఎనిమిది దాకా చూసేది. అప్పటికీ రాకపోతే తెడ్డుతో గోడ మీద ఠపీమని ఒక్కటి. అవతల మనిషి గుక్క తిప్పుకునేవాడు. ఈవిడ తెడ్డు దించేది. మళ్లీ మొదలు. పొద్దునకి గోడ వార ఆ పొడి.

పగలు పొయ్యి దగ్గర నిలబడే తూలేది ఆవిడ. షాపులో ఇస్త్రీ పెట్టె పట్టుకుని అతనూ తూలేవాడు. ఇద్దర్నీ చూసి అత్తగారు, "ఈ ఇంట్లో కళ్లు తెరుచుకుని ఉండేది నేనొక్కదాన్నే. నాకేమో చూపు లేదు" అనేది.

చివరికి ఒకరోజు ప్లీడరుగారి నల్లకోటు మీద ఇస్త్రీ పెట్టె ఆనించి, నిలబడ్డవాడు నిలబడ్డట్టే నిద్రపోయాడు మడతాయన. పొగ వాసనకి ఎదురుగా చెప్పులు కుట్టేవాడు పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకాడు. కోటు వీపు మీద పెట్టె అచ్చు దిగిపోయింది. ప్లీడరుగారు వచ్చి చూసి, కోప్పడతాడని అందరూ హడలిపోతుంటే, అతని చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడట, కాలిందా అని. కోటు పోతే పోయింది గానీ ముందు నిద్ర డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాడు. తన తమ్ముడికీ ఇదే జబ్బట, స్కూటరు మీద నిద్రపోయాడట. ఒక చీటీ మీద ఆసుపత్రి పేరు రాసిచ్చి వెళ్లాడు. ఆవిడ ఆ చీటీని టీ డబ్బాలో దాచింది, పోతుందేమోనని.

మడతాయన మనసులో మాత్రం వేరే ఉంది. ఆ రాత్రి భోజనాల దగ్గర తలెత్తకుండా, వచ్చే నెల నుంచి షాపులోనే పడుకుంటానన్నాడు. బల్ల కింద మడత మంచం పడుతుందన్నాడు. ఎందుకురా అంటే, గాలి బాగా వస్తుందన్నాడు. ఆవిడ గరిట పక్కన పెట్టేసింది. పడకగదికీ షాపుకీ మధ్య గోడ మందం, పైగా సామాన్ల బీరువా అడ్డం. అక్కడ పడుకుంటే గురక వినపడదు, ఆగిందీ వినపడదు.

"ముందు పరీక్ష చేయించుకో. జబ్బేం లేదని తేలితే నీ ఇష్టం, షాపులో పడుకో, కావాలంటే చూరు మీద పడుకో" అంది.

అలా ఒప్పందం కుదిరింది.

ఆసుపత్రివాళ్లు ఒక చిన్న పెట్టె ఇచ్చి పంపారు. ఛాతీకి ఒక పట్టీ, ముక్కు కింద సన్నటి గొట్టం, వేలికి ఒక క్లిప్పు. ఒక్క రాత్రి ఇంట్లో కట్టుకుని పడుకుంటే అన్నీ అదే రాసుకుంటుందట. మడతాయన అవన్నీ తగిలించుకుని నిలబడితే అత్తగారు కళ్లజోడు సవరించుకుని చూసి, "పెళ్లికొడుకులా ఉన్నావురా" అంది.

ఆ రాత్రి ఆవిడకి వచ్చిన ఆలోచన ఇంకెవరికీ రాదేమో. పరీక్ష అన్నారు కదా. పరీక్ష అంటే బాగా రాయాలి కదా. చిన్నబ్బాయి బాగా రాయాలని, కంటి మీద కునుకు లేకుండా కాపు కాసింది. గురక ఆగనిస్తే ఒట్టు. ఎనిమిది ఎంచడం, కొట్టడం. మధ్యలో ఒకసారి అత్తగారిని బాత్రూముకి తీసుకెళ్లాల్సి వచ్చి అరగంట పోయింది. తెల్లవారుజామున తెడ్డు చేతిలో ఉండగానే ఒక గంట కళ్లు మూతపడ్డాయి. అంతకు మించి వదల్లేదు.

నాలుగు రోజుల తర్వాత రిపోర్టు కోసం ఇద్దరూ వెళ్లారు. డాక్టరు దగ్గరికి పంపేముందు కాగితాలు సర్దే అమ్మాయి ఒకామె ఉంది, ఆ పరీక్షలు చేసే టెక్నీషియను. కళ్లజోడు, తెల్లకోటు, నెమ్మదైన గొంతు. వీళ్లు ఎదురుగా కూచున్నారో లేదో మడతాయనకి కునుకు పట్టేసింది. ఆవిడ మోచేత్తో పొడిచి లేపింది. ఆ అమ్మాయి అది చూసింది.

అందరూ ముందు అడిగేది ఒక్క అంకె గురించేనని చెప్పి మొదలుపెట్టింది ఆ అమ్మాయి. నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, లేదా బాగా తగ్గింది అన్నదే ఆ అంకె. అయిదు లోపు ఉంటే ఫరవాలేదు. పదిహేను లోపు ఉంటే కొద్దిగా ఉన్నట్టు. ముప్పై దాటితే బాగా ఎక్కువ. ఇతనికి వచ్చింది తొమ్మిది.

తొమ్మిది అనగానే మడతాయన మొహం విప్పారింది. "చూశావా వదినా. కాస్త ఒళ్లు తగ్గించుకుంటే చాలు. ఆదివారం మంచం షాపులో వేసేస్తా" అన్నాడు.

ఆవిడకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. పరీక్ష బాగా రాయించింది తనే. ఇప్పుడు ఆ మార్కులే అతన్ని గోడ అవతల నుంచి తీసుకుపోతున్నాయి.

టెక్నీషియనమ్మాయి మాత్రం కాగితం వదల్లేదు. తొమ్మిది వచ్చిన మనిషి కుర్చీలో కూచుని ఇలా నిద్రపోడే అని గొణుక్కుంటూ తెర మీద గీతలు తిప్పి చూపించింది. పైన గీత ఊపిరిది. కొండలూ లోయల్లా పోతోంది. దాని కింద గీత చప్పుడుది, గురకని రాసుకుంటుంది. ఊపిరి గీత ఒకచోట చదునుగా అయిపోయింది, నేల మీద గీసినట్టు. వెంటనే కింద గీత మీద సూదిలా ఒక్కటి లేచింది. ఆ వెనకే ఊపిరి. మళ్లీ చదును, మళ్లీ సూది, మళ్లీ ఊపిరి. రాత్రంతా అంతే.

"గురక ఇలా ఉండదమ్మా, వెడల్పుగా ఉంటుంది. ఇది ఎవరో దేన్నో కొట్టినట్టుంది. ఊపిరి పది సెకన్లు ఆగితేనే మేం లెక్కలోకి తీసుకుంటాం. ఇక్కడ చూడండి, ప్రతిసారీ ఎనిమిదికో తొమ్మిదికో ఈ చప్పుడు వస్తోంది. అందుకని ఏదీ లెక్కకి రావట్లేదు. ఇదిగో, ఒంటిగంటన్నర తర్వాత ఒక అరగంట, తెల్లవారుజామున ఒక గంట, అప్పుడు మాత్రం చప్పుడు లేదు. ఆ గంటన్నరలోనే యాభై ఎనిమిది సార్లు ఆగింది. ఇంట్లో ఏమైనా యంత్రం ఉందా?"

ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూచుంది. యంత్రం లేదంది. తెడ్డు అంది. అంతటితో ఆపుదామనుకుంది గానీ ఆగలేదు. ఏడాదిన్నర నుంచి లోపల పెట్టుకున్నదంతా ఆ తెల్లకోటు పిల్ల ముందు వచ్చేసింది. గోడ, ఎనిమిది దాకా లెక్క, మోచెయ్యి, అత్తగారి జ్వరం, గుమ్మంలో పాల ట్రేలు. ఏడవలేదు. ఇంటి సామాను ఎక్కడెక్కడ ఉందో చెబుతున్నట్టు ఒకటొకటే చెప్పింది.

మడతాయన నిద్ర ఎటుపోయిందో పోయింది. కుర్చీ వదిన వైపు తిప్పుకున్నాడు.

"నేనింకోటి అనుకున్నా వదినా," అన్నాడు. "నా గురకతో నీకు నిద్ర లేక కొడుతున్నావనుకున్నా. అన్నయ్య పోయిన బాధలో ఉన్నదానివి, నా గోల ఒకటి నీకు ఎందుకని... షాపులో పడుకుంటానన్నది అందుకే."

"నీ గురక వింటేనే నాకు ధైర్యం రా," అంది ఆవిడ. "అది ఆగితేనే కొట్టాను."

ఆ అమ్మాయి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఈ రిపోర్టు పూర్తిగా ఇతనిది కాదనీ, సగం ఇతనిది, సగం ఆవిడదనీ అంది. డాక్టరుతో తను మాట్లాడి ఆసుపత్రిలోనే మళ్లీ పరీక్ష పెట్టిస్తానంది. ఆ రాత్రి తను తెర ముందు కూచునే ఉంటానంది. "మీరు మాత్రం రావద్దమ్మా. తెడ్డు అసలే వద్దు" అని నవ్వింది. ఆవిడకీ నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో.

మరిది ఆసుపత్రిలో పడుకున్న రాత్రి ఇంట్లో గోడ అవతల చప్పుడు లేదు. అయినా ఆవిడకి భయం వెయ్యలేదు, అదే ఆశ్చర్యం. ఇంకెవరో మేలుకుని చూస్తున్నారు. అంతమాటకే ఒళ్లు తేలికైపోయి, పడుకున్నది పడుకున్నట్టే తెల్లవారిపోయింది.

రెండో రిపోర్టులో అంకె నలభై ఒకటి. ఒకసారి ఏకంగా యాభై నాలుగు సెకన్లు ఆగిందట. వేలి క్లిప్పు చూపించేది రక్తంలో ప్రాణవాయువు సంగతి. అది తొంభై పైన ఉండాలి, ఇతనిది డెబ్బై రెండుకి దిగింది. అర్ధరాత్రి దాటాక ముక్కుకి మాస్కు పెట్టి, గాలి ఊదే మిషను తగిలించారు. గొంతు మూసుకుపోకుండా ఆ గాలి తెరిచి ఉంచుతుందట. అది పెట్టిన దగ్గర్నుంచీ గంటకి మూడు. రాత్రంతా చూసిన ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి, అయినా ప్రతి అంకె పక్కనా వేలు పెట్టి నిదానంగా చెప్పింది. ఇకపైన పగటి నిద్ర తగ్గుతుందనీ, మిషను రోజూ పెట్టుకోవాలనీ, బద్ధకిస్తే లాభం లేదనీ చెప్పింది.

"నలభై ఒకటంటే రాత్రికి ఎన్నిసార్లమ్మా?" అని అడిగింది ఆవిడ.

"ఏడు గంటలు పడుకుంటే దగ్గర దగ్గర మూడొందలు."

మూడొందలు. ఆవిడ వేళ్ల మీద ఎంచబోయి మానుకుంది. ఎంత మేలుకున్నా తను ఎన్ని పట్టుకుని ఉంటుంది? మరిది మందుల చీటీ కోసం బయటికి వెళ్లాక అడిగింది, మా ఆయనకీ ఇదేనా, ఆ రెండు రాత్రులూ నేను పక్కనుంటే బతికేవాడా అని.

ఆ అమ్మాయి చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. "పరీక్ష చెయ్యని మనిషి గురించి నేను చెప్పలేనమ్మా. చెప్తే అబద్ధమవుతుంది. ఒక్కటి మాత్రం తెలుసు. ఇది మోచేత్తో ఆపే జబ్బు కాదు. ఏళ్ల తరబడి మీరు ఎవరూ చెయ్యలేనిది చేశారు. అది చాల్లేదంటే తప్పు మీ చేతిది కాదు."

ఆవిడ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. బయట బెంచీ మీద కూచుని మంచినీళ్లు తాగింది, ఒక సీసా మొత్తం.

ఇంటికొచ్చాక అత్తగారికి అన్నీ చెప్పాల్సి వచ్చింది, చెవి దగ్గర నోరు పెట్టి, రెండుసార్లు. ముసలావిడ విని విని, కొంగు కొస నలుపుతూ, "ఆ జ్వరం నాకు రాకపోతే నువ్వు వాడి పక్కనే ఉండేదానివి. ఇన్నాళ్లూ నీ మొహం చూడాలంటే నాకు సిగ్గేసేది అమ్మాయ్" అంది. ఒకే గదిలో రెండు మంచాలేసుకుని, ఇద్దరూ ఒకే రాతిని చెరొక చివరా పట్టుకుని మోశారన్నమాట. రాత్రికి మూడొందలసార్లు ఆగే ఊపిరిని ఎవరు పక్కనున్నా పట్టుకోలేరని ముసలావిడకీ చెప్పింది. ఈసారి చెవి దగ్గరికి వంగక్కర్లేకపోయింది, చెయ్యి పట్టుకుని చెప్తే సరిపోయింది.

మిషను ఇంటికొచ్చింది. మాస్కూ గొట్టమూ తగిలించుకున్న కొడుకుని చూసి అత్తగారు, "మొన్న పెళ్లికొడుకువి, ఇవాళ ఏనుగువి అయ్యావురా చిన్నోడా" అంది. మొదటి వారం మాస్కు ఊడదీసి పారేస్తానన్నాడు. బుగ్గల మీద చారలు పడ్డాయి, నోరు ఎండిపోయేది. ఒక్కరోజు కూడా పీకి పారెయ్యలేదు మాత్రం. పీకితే గోడ అవతల ఎవరు లేస్తారో అతనికి తెలుసు. నెల తిరిగేసరికి షాపులో నిలబడి పాటలు పాడుతున్నాడు. ప్లీడరుగారి కొత్త కోటు మొదటి ఇస్త్రీ తనే చేసి ఇంటికి తీసుకెళ్లి ఇచ్చొచ్చాడు. ఆసుపత్రికి వెళ్లిన రోజున ఆ అమ్మాయి తెల్లకోటు అడిగి తెచ్చి, కాలరు లేచి నిలబడేలా మడతపెట్టి, ఆవిడ చేతే ఇప్పించాడు.

వదినకి మాత్రం ఏమీ చెప్పలేదు. ప్రతి ఆదివారం ఆవిడ దిండు గలీబులు బీరువాలో కనపడేవి కావు. సాయంత్రానికి గీత పెట్టినట్టు ఇస్త్రీ అయి, మంచం మీద ఉండేవి.

ఈ ఆదివారం గలీబులతో పాటు ఒక పుట్టీ డబ్బా, చిన్న రేకు బద్ద కూడా పెట్టి ఉన్నాయి. గోడ మీద గుంట అలా ఉంటే చూడ్డానికి బాలేదనీ, తీరికున్నప్పుడు పూసెయ్యమనీ, తనని పూయమన్నా పూస్తాననీ చెప్పి, మధ్యాహ్నం షాపు మూసి పడుకున్నాడు.

ఆవిడ మంచం మీద మోకాళ్లు ఆనించి గోడ చూసింది. అరచేతి వెడల్పున గుంట. సున్నం పోయి, లోపల ఇటుక ఎర్రగా కనపడుతోంది. ఎన్ని దెబ్బలో. డబ్బా మూత తీసింది. తడి వాసన. అవతల మిషను సన్నగా ఊదుతోంది, ఆగకుండా. ఎంచబోయి, ఎంచడానికేమీ లేదని గుర్తొచ్చింది.

"పూస్తున్నావా?" అని అడిగింది అత్తగారు, మగత కళ్లతో.

"లేదత్తయ్యా. ఉండనియ్యండి."

"ఎందుకట?"

"ఉండనియ్యండి" అంది మళ్లీ.

మూత గట్టిగా బిగించి, డబ్బాని మంచం కిందికి తోసేసింది. గలీబు దిండుకి తొడిగింది. మడత గీత చెదరకుండా జాగ్రత్తగా తల ఆనించి, పట్టపగలు, గోడ వైపు వీపు పెట్టి పడుకుంది.